గ్రేటర్ మాంచెస్టర్ పది కౌన్సిళ్ల కూటమి: అధికారం నిజంగా కిందికి దిగిందా?

ప్రశ్న: బోల్టన్ నివాసి

అందరికీ నమస్కారం. మేము గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో స్థిరపడ్డాము. ఈ ఏడాది వచ్చిన కౌన్సిల్ ట్యాక్స్ (ఇళ్లపై స్థానిక సంస్థలు వేసే పన్ను) బిల్లును నిదానంగా చదివితే, బోల్టన్ కౌన్సిల్ వాటాకు కింద మరో రెండు వరుసలు కనిపించాయి. ఒకటి పోలీసు వ్యవస్థ కోసం మేయర్ వసూలు చేసే మొత్తం, రెండోది అగ్నిమాపక సేవలతో కలిపి మేయర్ సాధారణ వ్యయం. ఈ మేయర్ బోల్టన్ పట్టణానికి చెందినవారు కాదని, పది కౌన్సిళ్లు కలిసి ఏర్పరచుకున్న గ్రేటర్ మాంచెస్టర్ కంబైన్డ్ అథారిటీకి అధిపతి అని అప్పుడు తెలిసింది. మా వీధిలో తిరిగే పసుపుపచ్చ బస్సులు కూడా ఆ సంస్థ అధీనంలోనే నడుస్తున్నాయట.

దీనిపై నాకు మూడు సందేహాలున్నాయి. ప్రతి కౌన్సిల్‌కూ సొంత ఎన్నికలు, సొంత బడ్జెట్, సొంత రాజకీయాలు ఉన్నప్పుడు పది కౌన్సిళ్లు తమ అధికారంలో కొంత ఉమ్మడి సంస్థకు ఎందుకు అప్పగించాయి? లండన్‌లోని కేంద్ర ప్రభుత్వం ఈ ప్రాంతానికి నిజంగా ఏయే అధికారాలు ఇచ్చింది? వాటి వల్ల మాంచెస్టర్ నగర నడిబొడ్డుకే కాక బోల్టన్, ఓల్డ్‌హామ్ వంటి పాత నూలు మిల్లుల పట్టణాలకు కూడా ఉపాధి పెరిగిందా?

మన దగ్గర అమరావతికి సీఆర్‌డీఏ, హైదరాబాద్‌కు హెచ్‌ఎండీఏ వంటి ప్రాంతీయ అభివృద్ధి సంస్థలున్నాయి కదా, ఇది కూడా అటువంటిదేనా అని మా నాన్నగారు అడిగారు. నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఇక్కడి స్థానిక పాలన గురించి గాని, మన పురపాలక వ్యవస్థ గురించి గాని తెలిసినవారు వివరంగా రాస్తే కృతజ్ఞుణ్ణి.

జవాబు 1: ప్రణాళికా ఉద్యోగి, సాల్‌ఫర్డ్

నేను ఈ ప్రాంతంలోని ఒక కౌన్సిల్‌లో పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేస్తున్నాను. ఇవి నా సొంత అభిప్రాయాలు మాత్రమే.

మీ మొదటి సందేహానికి సమాధానం 1986లో మొదలవుతుంది. 1974లో ఏర్పడిన గ్రేటర్ మాంచెస్టర్ కౌంటీ కౌన్సిల్‌ను, గ్రేటర్ లండన్ కౌన్సిల్‌తో పాటు, మరో ఐదు మహానగర కౌంటీ కౌన్సిళ్లతో పాటు థాచర్ ప్రభుత్వం 1986 మార్చి 31న రద్దు చేసింది. పైన ఉన్న అంచె పోయింది; కింద బోల్టన్, బరీ, మాంచెస్టర్, ఓల్డ్‌హామ్, రోచ్‌డేల్, సాల్‌ఫర్డ్, స్టాక్‌పోర్ట్, టేమ్‌సైడ్, ట్రాఫర్డ్, విగన్ కౌన్సిళ్లు మిగిలాయి. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు విడిపోవడానికి ఆనాడు పూర్తి అవకాశం ఉంది. అయినా వారు విడిపోకుండా, చట్టం బలవంతపెట్టకపోయినా, తమంతట తాముగా ఒక సంఘంగా ఏర్పడి ఉమ్మడి పనులను ఉమ్మడిగానే చూసుకున్నారు.

వారిని కలిపి ఉంచిన వాటిలో విమానాశ్రయం ముఖ్యమైనదని నేను భావిస్తాను. 1986లో మాంచెస్టర్ విమానాశ్రయాన్ని కంపెనీగా మార్చినప్పుడు మాంచెస్టర్ నగర కౌన్సిల్‌కు 55 శాతం, మిగిలిన తొమ్మిది కౌన్సిళ్లకు తలా 5 శాతం వాటా దక్కింది. 2013లో ఆ సంస్థ 150 కోట్ల పౌండ్లకు లండన్ సమీపంలోని స్టాన్‌స్టెడ్ విమానాశ్రయాన్ని కొనుగోలు చేసింది. ఆ సందర్భంలో ఒక ఆస్ట్రేలియా పెట్టుబడి సంస్థ 35.5 శాతం వాటా తీసుకున్నా, మెజారిటీ వాటా నేటికీ ఈ పది కౌన్సిళ్ల చేతిలోనే ఉంది. విమానాశ్రయం బాగుంటే లాభంలో వాటా రోచ్‌డేల్ ఖజానాకూ చేరుతుంది. అందువల్ల పక్క కౌన్సిల్ అభివృద్ధిని తన నష్టంగా చూడని అలవాటు నాయకుల్లో మెల్లగా పెరిగింది.

రెండో మలుపు ఒక ఓటమి నుంచి వచ్చింది. నగరంలోకి వచ్చే వాహనాలపై రద్దీ రుసుము విధించి, ఆ రాబడితోను, కేంద్రం ఇచ్చే నిధులతోను ప్రజా రవాణాను విస్తరించాలన్న ప్రతిపాదనపై 2008 డిసెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పది కౌన్సిళ్ల పరిధిలోనూ ప్రజలు దానిని తిరస్కరించారు. మొత్తం మీద 79 శాతం మంది వద్దన్నారు. మరొక చోట అయితే కూటమి అక్కడితో కూలిపోయేది. ఇక్కడి నాయకులు మాత్రం మరుసటి ఏడాదే సుమారు 150 కోట్ల పౌండ్ల ఉమ్మడి రవాణా నిధిని ఏర్పాటు చేసుకున్నారు. ఆ నిధిని తలా ఒక ట్రామ్ మార్గం అంటూ పంచుకోలేదు. పెట్టిన ప్రతి పౌండుకూ ప్రాంతం మొత్తానికి ఎంత ఆర్థిక ప్రయోజనం వస్తుందో లెక్కగట్టి, ఆ వరుసలో పనులు చేపట్టారు. పేద పేటల నుంచి ఉద్యోగాల వద్దకు చేరుకునే వీలు పెరగాలన్న షరతును కూడా దానికి జోడించారు. తమ పట్టణానికి వంతు ఆలస్యంగా వస్తుందని తెలిసి కూడా కౌన్సిల్ నాయకులు దానికి ఓటు వేశారు. స్థానిక రాజకీయాల్లో అది ఎంత అరుదైన విషయమో ఈ రంగంలో ఉన్నవారికి తెలుస్తుంది. ఓల్డ్‌హామ్, రోచ్‌డేల్, ఆష్టన్, విమానాశ్రయ ట్రామ్ మార్గాలన్నీ 2014 చివరినాటికి పూర్తయ్యాయి.

ఈ సహకారానికి చట్టబద్ధమైన రూపం 2011 ఏప్రిల్ 1న వచ్చింది. 2009 నాటి చట్టం కింద దేశంలో ఏర్పడిన మొదటి కంబైన్డ్ అథారిటీ ఇదే. పది కౌన్సిళ్ల నాయకులే దాని సభ్యులు. తరువాత 2014 నవంబరు 3న ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్‌తో అధికార బదలాయింపు ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం రవాణా, నైపుణ్య శిక్షణ, గృహ నిర్మాణ పెట్టుబడులకు 30 కోట్ల పౌండ్ల నిధి, పోలీసు పర్యవేక్షణ వంటివి ఇక్కడికి వచ్చాయి. దీనికి కేంద్రం పెట్టిన షరతు ఒక్కటే: ప్రజలు నేరుగా ఎన్నుకునే మేయర్ ఉండాలి. 2017 మేలో ఆండీ బర్న్‌హామ్ మొదటిసారి ఎన్నికయ్యారు. 2021లోను, 2024లోను మళ్లీ గెలిచారు. మేయర్‌తో కలిపి అథారిటీలో సభ్యులు 11 మంది. ఒక్కొక్క కౌన్సిల్ నాయకుడికి ప్రాంతం మొత్తానికి సంబంధించిన ఒక్కొక్క శాఖ అప్పగిస్తారు. తన పట్టణపు నాయకుడిగా కూర్చున్న వ్యక్తి మిగిలిన తొమ్మిది పట్టణాల అవసరాలకు కూడా జవాబు చెప్పవలసి రావడం ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన అంశం.

బస్సుల విషయం మీరే ప్రస్తావించారు కనుక దానితో ముగిస్తాను. 1986లో లండన్ వెలుపల బస్సు సర్వీసులపై నియంత్రణ ఎత్తివేశారు. ఏ మార్గంలో నడపాలో, ఎంత టికెట్ వసూలు చేయాలో ప్రైవేటు కంపెనీలే నిర్ణయించేవి. ఒక కంపెనీ టికెట్ మరో కంపెనీ బస్సులో చెల్లేది కాదు. 2017 నాటి చట్టం మేయర్లకు ఇచ్చిన అధికారంతో 2021 మార్చిలో ఇక్కడ ఫ్రాంచైజింగ్ నిర్ణయం జరిగింది. రెండు బస్సు కంపెనీలు కోర్టుకు వెళ్లి ఓడిపోయాయి. 2023 సెప్టెంబరు 24న మీ బోల్టన్, విగన్ ప్రాంతాలతో మొదలై 2025 జనవరి 5 నాటికి పది కౌన్సిళ్ల పరిధి అంతా ఆ విధానంలోకి వచ్చింది. బస్సులను ఇప్పటికీ కంపెనీలే టెండరు పాడుకొని నడుపుతున్నాయి. మార్గం, వేళలు, ధర మాత్రం ప్రజా సంస్థ నిర్ణయిస్తుంది. బోల్టన్ నుంచి మాంచెస్టర్‌కు వెళ్లే 36 నంబరు బస్సును 2024 సెప్టెంబరు నుంచి ప్రయోగాత్మకంగా రాత్రంతా నడపగలిగారంటే, ఆసుపత్రుల్లోను, గిడ్డంగుల్లోను రాత్రి పనిచేసేవారికి అది ఎంత మేలో ఊహించవచ్చు. అధికారం చేతికి వస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలియదు.

జవాబు 2: రోచ్‌డేల్ వాసి

పై జవాబు ఎంతో విషయం ఉన్నది. అందులోని సంఘటనలన్నీ వాస్తవాలే. కాని మూడో సందేహాన్ని వారు స్పృశించలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

మాంచెస్టర్ నడిబొడ్డున గత పదేళ్లలో లేచిన ఆకాశహర్మ్యాలను చూసి ప్రాంతమంతా అలాగే ఎదిగిందని అనుకోవడం సరికాదు. ఓల్డ్‌హామ్, రోచ్‌డేల్ పట్టణాల్లో పేదరికం ఇంకా తీవ్రంగానే ఉంది. ప్రాంతపు ఉత్పాదకత దేశ సగటు కంటే ఇప్పటికీ తక్కువే. నగర కేంద్రంలో ఉద్యోగాలు పెరిగితే ట్రామ్ ఎక్కి అక్కడికి వెళ్లవచ్చుననే వాదనలో కొంత నిజం ఉంది. కాని ఆ ఉద్యోగాలకు కావలసిన చదువు లేనివారికి, పిల్లలనో వృద్ధులనో చూసుకుంటూ ఇంటికి దగ్గరలోనే పని వెతుక్కునేవారికి ఆ ట్రామ్ వల్ల కలిగే ప్రయోజనం పరిమితం. బరీ, ఓల్డ్‌హామ్, రోచ్‌డేల్ కలిసే చోట ఆటమ్ వ్యాలీ పేరుతో పరిశ్రమల ప్రాంతాన్ని అభివృద్ధి చేయాలన్న ప్రయత్నం ఈ లోటును గుర్తించడం వల్లనే వచ్చింది. దానిని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే అది నగర కేంద్రం పుంజుకున్న చాలా ఏళ్ల తరువాత మొదలైందని మరచిపోకూడదు.

ఇక అధికారం ఎలా దిగిందన్నది కూడా చూడాలి. 2012 మేలో ప్రత్యక్షంగా ఎన్నికయ్యే మేయర్ కావాలా అని మాంచెస్టర్ నగర ప్రజలను అడిగితే 53 శాతం మంది వద్దన్నారు. రెండేళ్ల తరువాత పది కౌన్సిళ్ల నాయకులు ఆర్థిక శాఖతో చర్చించి, మొత్తం ప్రాంతానికి అటువంటి మేయర్‌నే అంగీకరించారు. ఆ ఒప్పందంపై ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. 2017లో జరిగిన మొదటి మేయర్ ఎన్నికలో 29 శాతం లోపు ఓటర్లే పాల్గొన్నారు. అధికారాన్ని కిందికి దించుతున్నామని చెప్పే ఏర్పాటు ప్రజల సమ్మతిని అడగకుండా మొదలైతే, దాని పునాదిలోనే ఒక లోపం మిగిలిపోతుంది.

అసలు పేచీ డబ్బు దగ్గర ఉంది. 2014 ఒప్పందంలో భాగంగా వచ్చే పెట్టుబడి నిధి ఏటా 3 కోట్ల పౌండ్ల చొప్పున 30 ఏళ్లు. ఆ మొత్తం పెద్దదే. అయితే 2010 తరువాత పొదుపు విధానాల పేరుతో కేంద్రం ఇదే పది కౌన్సిళ్లకు ఇచ్చే గ్రాంట్లలో పెట్టిన కోత ముందు అది చాలా చిన్నది. గ్రంథాలయాలు, యువజన కేంద్రాలు, వృద్ధుల సంరక్షణ సేవలు ఏ చేత్తో కుదించుకున్నామో, ఆ చేత్తోనే ప్రాంతీయ అభివృద్ధి ఒప్పందంపై సంతకం పెట్టవలసి వచ్చింది. పన్ను వేసే అధికారం ఈనాటికీ లండన్‌లోనే ఉంది. కౌన్సిల్ ట్యాక్స్‌ను ఏటా సుమారు 5 శాతానికి మించి పెంచాలంటే స్థానికంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆదాయపు పన్నులో గాని అమ్మకపు పన్నులో గాని స్థానిక సంస్థలకు నేరుగా వాటా లేదు. వ్యాపార సంస్థల భవనాలపై వచ్చే పన్నును 2017 నుంచి పూర్తిగా ఇక్కడే ఉంచుకోనిస్తున్నారు. అది ఒక్కటే ఆర్థిక స్వాతంత్ర్యం వైపు పడిన నిజమైన అడుగు. మిగిలినదంతా ఖర్చు పెట్టే బాధ్యతను ఇక్కడికి పంపి, ఎంత ఖర్చు పెట్టాలో అక్కడే నిర్ణయించడం.

జవాబు 3: విశ్రాంత పురపాలక అధికారి, విజయవాడ

మీ నాన్నగారు అడిగిన ప్రశ్న చాలా సమంజసమైనది. ఆంధ్రప్రదేశ్‌లోని పురపాలక సంఘాల్లో దీర్ఘకాలం పనిచేసిన అనుభవంతో సమాధానం చెబుతాను.

సీఆర్‌డీఏ, హెచ్‌ఎండీఏలకూ మాంచెస్టర్ కూటమికీ పోలిక పైపైనే ఉంది. సీఆర్‌డీఏకు గాని, హెచ్‌ఎండీఏకు గాని అధ్యక్షులు ముఖ్యమంత్రి. అవి రాష్ట్ర ప్రభుత్వ చట్టంతో పుట్టిన రాష్ట్ర ప్రభుత్వపు చేతులు. వాటి పరిధిలోని పురపాలక సంఘాల అధ్యక్షులు, మేయర్లు కలిసి కూర్చొని వాటిని నిర్మించుకోలేదు. వాటిలో నిర్ణయం వారిది కాదు. మాంచెస్టర్‌లో ఓటు వేసేది ఎన్నికైన కౌన్సిళ్ల నాయకులు. అసలు తేడా ఇదే.

మన రాజ్యాంగంలో ఇటువంటి ఏర్పాటుకు చోటు లేకపోలేదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ సవరణలోని 243జడ్‌ఈ అధికరణం ప్రకారం 10 లక్షలు, అంతకు మించి జనాభా గల ప్రతి మహానగర ప్రాంతానికీ ఒక ప్రణాళికా సంఘం ఉండాలి. అందులో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను ఆ ప్రాంతంలోని పురపాలక సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచే ఎన్నుకోవాలి. ఉమ్మడి నీటి వనరులను పంచుకోవడం, ప్రాంతపు మౌలిక వసతులను సమన్వయం చేయడం దాని బాధ్యతలని అధికరణంలోనే రాసి ఉంది. ఇంత స్పష్టంగా రాసిన ఏర్పాటు పశ్చిమ బెంగాల్ వంటి కొద్ది చోట్ల తప్ప రూపు దాల్చలేదు. రూపు దాల్చిన చోట కూడా నిధులు, నిర్ణయాధికారం రాష్ట్రం చేతిని దాటలేదు. నా ఉద్యోగ జీవితంలో నన్ను అన్నిటికంటే బాధించిన విషయం ఇదే.

మన దగ్గర పొరుగు పురపాలికల సమస్యకు సాధారణంగా చెప్పే పరిష్కారం విలీనం. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను హైదరాబాద్ నగరపాలక సంస్థతో కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పరచారు. విలీనంతో పరిపాలన ఒక్కటవుతుంది, నిజమే. దానితో పాటు చిన్న పట్టణపు సొంత గొంతు కూడా పోతుంది. మాంచెస్టర్‌లో బరీ బరీగానే ఉంది, విగన్ విగన్‌గానే ఉంది. చెత్త సేకరణ, వృద్ధుల సంరక్షణ వంటి పనులను ఎవరికి వారు చూసుకుంటూ, సరిహద్దు దాటే పనులను మాత్రం కలిసి చేస్తున్నారు.

మనవాళ్లకు కలిసి పనిచేయడం చేతకాదని నేను ఒప్పుకోను. గుంటూరు సమీపంలోని వ్యర్థాలతో విద్యుత్ తయారుచేసే కేంద్రానికి గుంటూరు, విజయవాడ సహా పలు పురపాలికల చెత్త వెళుతోంది. లారీ తూకం వేయించి చెత్త అప్పగించే పని కృష్ణకు ఇటువైపు వారికీ అటువైపు వారికీ ఒకటే. అయితే ఈ ఏర్పాటును కుదిర్చింది రాష్ట్ర ప్రభుత్వం. రెండు నగరపాలక సంస్థలు ఎదురెదురుగా కూర్చొని, లాభనష్టాలు పంచుకుంటూ ఒప్పందం చేసుకునే అవకాశం వాటికి రావాలి. మన మేయర్‌ను కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించిన కమిషనర్ వద్ద ఉంటుంది. సంతకం పెట్టగల చెయ్యే స్థానికంగా లేనప్పుడు, కూటమి కట్టేది ఎవరు?

బోల్టన్ నివాసి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. విజయవాడ నుంచి రాసిన పెద్దల జవాబును నాన్నగారికి చదివి వినిపించాను. అందులోని మూడో పేరా మరోసారి చదవమన్నారు. ఇంకొక్క సందేహం మిగిలింది. ఏదైనా ఒక కౌన్సిల్‌కు ఉమ్మడి నిర్ణయం నచ్చకపోతే ఏమవుతుంది? తొమ్మిది మంది కలిసి పదో వారిని నెట్టుకుపోగలరా? మాలాంటి భారతీయ పౌరులకు ఇందులో ఏమైనా మాట ఉందా?

జవాబు 4: ప్రణాళికా ఉద్యోగి, సాల్‌ఫర్డ్

ముందుగా రోచ్‌డేల్ మిత్రుల మాట. డబ్బు గురించి వారు రాసినదానితో నేను ఏకీభవిస్తున్నాను. 2025 ఏప్రిల్ నుంచి గ్రేటర్ మాంచెస్టర్‌కు, వెస్ట్ మిడ్‌లాండ్స్‌కు వేర్వేరు పథకాల నిధులను ఒకే మొత్తంగా ఇవ్వడం మొదలైంది. ప్రతి చిన్న పథకానికీ విడిగా దరఖాస్తు పెట్టుకొని ఇతర నగరాలతో పోటీపడే దుస్థితి దీనివల్ల తగ్గుతుంది. పన్ను అధికారం మాత్రం ఇంకా రాలేదు.

మీ ప్రశ్నకు స్టాక్‌పోర్ట్ ఉదంతమే సమాధానం. 2014 నుంచి పది కౌన్సిళ్లు కలిసి, ఇళ్లు ఎక్కడ కట్టాలి, పరిశ్రమలకు ఏ భూమి కేటాయించాలి అన్న ఉమ్మడి భూవినియోగ ప్రణాళికను తయారుచేయడం ప్రారంభించాయి. నిర్మాణాలను కఠినంగా నియంత్రించే హరితవలయంలో కొంత భాగాన్ని వదులుకోవలసి రావడంపై ప్రజల్లో తీవ్ర వ్యతిరేకత వచ్చింది. ఇటువంటి ప్రణాళికకు పది కౌన్సిళ్ల ఏకగ్రీవ సమ్మతి కావాలి. 2020 డిసెంబరులో స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ సభ్యులు దానిని ముందుకు తీసుకెళ్లకూడదని ఓటు వేశారు. పదిమంది ప్రణాళిక అక్కడితో ఆగిపోయింది. మిగిలిన తొమ్మిది కౌన్సిళ్లు తమ వరకు ప్రణాళికను తయారుచేసుకుంటే అది 2024 మార్చి 21న అమలులోకి వచ్చింది. అందుచేత తొమ్మిది మంది పదో వారి భూమిపై నిర్ణయం చేయలేదు. పదో వారు తొమ్మిది మందిని శాశ్వతంగా ఆపనూ లేదు.

విడిపోయిన స్టాక్‌పోర్ట్‌ను ఎవరూ వెలివేయలేదు. ఆ పట్టణ కేంద్రం పునర్నిర్మాణానికి 2019లో మేయర్ ఏర్పాటు చేసిన అభివృద్ధి సంస్థ పని కొనసాగింది. తొమ్మిది కౌన్సిళ్ల ప్రణాళిక అమలులోకి రావడానికి నాలుగు రోజుల ముందే స్టాక్‌పోర్ట్‌లో కొత్త బస్సు ప్రాంగణం ప్రారంభమైంది. భూమి విషయంలో విభేదించి, రవాణా విషయంలో కలిసి నడవగలగడం ముప్పై ఏళ్లకు పైబడిన అలవాటు వల్లనే సాధ్యమైంది. ఇంగ్లండ్‌లో మిగిలిన ప్రాంతాలన్నీ ఇటువంటి సంస్థలను ఏర్పరచుకోవాలని 2024 డిసెంబరు శ్వేతపత్రంలో కేంద్రం ప్రకటించింది. కలిసి పనిచేసిన చరిత్ర లేని కౌన్సిళ్లపై గడువు పెట్టి ఈ రూపాన్ని రుద్దితే పరస్పర నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందన్నది నా ఆందోళన.

చివరగా మీ ఓటు సంగతి. కామన్వెల్త్ పౌరులు కనుక, ఇక్కడ ఉండటానికి చెల్లుబాటయ్యే అనుమతి ఉన్న భారతీయులు ఓటర్లుగా నమోదు చేసుకొని కౌన్సిల్ ఎన్నికల్లోను, మేయర్ ఎన్నికలోను ఓటు వేయవచ్చు. విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది. పోలింగు కేంద్రంలో గుర్తింపుగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. కంబైన్డ్ అథారిటీ నిర్ణయాలను ప్రశ్నించే పరిశీలనా సంఘంలో పది కౌన్సిళ్ల సభ్యులూ ఉంటారు. దాని సమావేశాలు అంతర్జాలంలో ప్రసారమవుతాయి. రాత్రి బస్సును మరో మార్గానికి పొడిగించాలని మీ కాలనీవారు కోరుకుంటే, ముందుగా మీ వార్డు కౌన్సిలర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, దాన్ని పరిశీలనా సంఘంలోని బోల్టన్ సభ్యుల దృష్టికి తీసుకెళ్లమని కోరండి.